కలలో పగలగొట్టిన సామాన్లు: అపోహలు, వాస్తవాలు

నేను క్లినికల్ సైకాలజిస్టుని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కల సంగతి లేచి వెళ్లిపోతూ చెబుతారు. తలుపు దగ్గర ఆగి, "ఇంకొక్కటి మేడమ్, ఈమధ్య పిచ్చి కలొకటి వస్తోంది" అంటారు. ఇల్లు తగలబెట్టినట్టు, కారు అద్దాలు బద్దలుకొట్టినట్టు, పెళ్లి ఆల్బమ్ చింపేసినట్టు.

అపోహ: అలాంటి కలలొచ్చేవాళ్ల మనసులో క్రూరత్వం ఉంటుంది.

అలాగైతే మనలో ఎవరూ మిగలం. అమెరికాలో హాల్, వాన్ డి కాసిల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల కలలు వెయ్యి పోగేసి, వాటిలో ఏమేం ఉన్నాయో లెక్కగట్టి 1966లో ప్రచురించారు. అబ్బాయిల కలల్లో 47 శాతం, అమ్మాయిల కలల్లో 44 శాతంలో ఏదో ఒక తగువో దాడో ఉంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో భయం, కోపం రేపే అమిగ్డలా అనే మెదడు భాగం చురుగ్గా ఉంటుంది. "ఆగు, ఆలోచించు" అనే ముందరి మెదడు భాగాలు మాత్రం మందగిస్తాయి. పగ్గం వదిలేసిన ఎద్దు అరటితోటలో పడ్డట్టే.

అపోహ: ఒక్కో వస్తువుకీ ఒక్కో అర్థం ఉంటుంది.

అద్దం పగిలితే ఇది, ఇల్లు కూలితే అది అని చెప్పే వీడియోలకి కొదవలేదు. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ సైతం కలగన్నవాళ్ల చేతే ఒక్కో ముక్క గురించి మాట్లాడించేవాడు. (తన కలల పుస్తకం తర్వాతి ముద్రణల్లో ఏ వస్తువు దేనికి గుర్తో చెప్పే పట్టీని ఆయనే పెంచుకుంటూ పోయాడు, అది వేరే కథ.)

ఒకావిడ సంగతి చెబుతాను, వివరాలు మార్చాను. కలలో మిక్సీ జార్‌ని గోడకేసి కొడుతుంది. అది పగలదు, సొట్ట పడుతుంది. మళ్లీ కొడుతుంది. కొబ్బరి పచ్చడి గోడ మీంచి కారుతూ ఉంటుంది. మెలకువ రాగానే వంటింట్లోకెళ్లి జార్ తడిమి చూసుకునేదట. కొట్టేటప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. తల దించుకుని "హాయిగా ఉంటుంది మేడమ్" అంది. ఆమె సిగ్గుపడుతున్నది పగలగొట్టినందుకు కాదు, ఆ హాయికి. మిక్సీ ఎవరు కొన్నారంటే, "నా మొదటి జీతంతో నేనే." పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేసింది. నేను అర్థమేమీ చెప్పలేదు. మళ్లీ ఉద్యోగంలో చేరే మాట ఇంట్లో ఎప్పుడైనా ఎత్తారా అని మాత్రం అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు.

ఇదే జార్ మీ కలలోకొస్తే దాని సంగతి వేరు. ముందురోజు మూత ఊడి వంటిల్లంతా చిందిన గొడవే కావచ్చు.

అపోహ: తెల్లవారుజాము కల నిజమవుతుంది.

రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఆ కల పూర్తికాకముందే మెలకువ వస్తుంది కాబట్టి స్పష్టంగా గుర్తుండిపోతుంది. మన చరకసంహిత కూడా కలల్ని ఏడు రకాలు చేసి, చూసినవీ విన్నవీ అనుభవించినవీ కోరుకున్నవీ ఊహించుకున్నవీ, ఈ ఐదింటికీ ఫలం లేదని తేల్చేసింది.

అపోహ: దాన్ని తలుచుకోకపోతే అదే పోతుంది.

పైగా పెరగొచ్చు. పడుకునే ముందు అణిచిపెట్టిన ఆలోచన కలలో తిరిగొస్తుందని వెగ్నర్ అనే మనస్తత్వవేత్త బృందం 2004లో చూపించింది. పదేపదే వేధించే పీడకలకి మేం చేయించేది దీనికి తిరగేసిన పని. పగటిపూట కలని కాగితం మీద రాయించి, మీకు నచ్చినట్టు మార్పించి, ఆ కొత్త కలని రోజూ కొన్ని నిమిషాలు కళ్లు మూసుకుని చూడమంటాం. బీపీకి వాడే ప్రొప్రనొలాల్ లాంటి మందులు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పీడకలలు తెప్పిస్తాయి. అలాగని సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టర్‌ని అడగండి.

అపోహ: కలే కదా, డాక్టరెందుకు?

ఇక్కడ మాత్రం నాకు కంగారు. రెమ్ నిద్రలో కండరాలు సడలిపోయి ఉంటాయి కాబట్టి కలలో ఎంత కొట్టినా చెయ్యి లేవదు. ఆ అడ్డు తొలగిన కొందరు, ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లు, నిజంగానే తన్నుతారు, గుద్దుతారు, మంచం మీంచి పడతారు. "ఈయన కలలో ఎవరినో కొడతారు, దెబ్బ నాకు తగులుతుంది" అని ఒక పెద్దావిడ మోచెయ్యి చూపించింది, కమిలి ఉంది. దీన్ని రెమ్ నిద్ర ప్రవర్తనా రుగ్మత అంటారు. ఏళ్లు గడిచాక ఇలాంటివాళ్లలో చాలామందికి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లేదా ఆ కోవ జబ్బు బయటపడుతుంది. కల అర్థం గురించి నన్ను అడగడం తర్వాత, ముందు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో ఒక రాత్రి వీడియో తీసి తీసుకెళితే ఆయన పని సులువవుతుంది. ఈలోగా మంచం పక్కన గాజు గ్లాసులు తీసేయండి, కొన్నాళ్లు వేరే మంచం వేసుకోండి.