టర్కీ పోపియెట్: ఫ్రెంచ్ టర్కీ రోల్స్ గురించి అపోహలు - వాస్తవాలు

పలచగా కొట్టిన మాంసం ముక్కలో కీమా మిశ్రమం పెట్టి, చుట్టి, దారంతో కట్టి, కొద్దిపాటి రసంలో సన్నసెగ మీద ఉడికిస్తే దాన్ని ఫ్రాన్సులో పోపియెట్ అంటారు. దూడ మాంసంతోనూ టర్కీతోనూ ఎక్కువగా చేస్తారు. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్‌లో గొడ్డుమాంసంతో చేసే దీని చుట్టానికి 'తల లేని భరతపక్షులు' అని పేరు. పళ్ళెంలో వరసగా పెట్టి చూస్తే ఆ పేరెందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఇంట్లో చేసేటప్పుడు ఇది చెడిపోయేది ఎక్కువగా ఒకేచోట. బయట ఉండేది కొవ్వు లేని రొమ్ము మాంసం. లోపల ఉండేది పూర్తిగా ఉడికి తీరాల్సిన కీమా. లోపలిది ఉడికేలోగా బయటిది ఎండిపోతుంది.

ఆరు రోల్స్‌కి: ఒక్కొక్కటి 120 గ్రాముల టర్కీ బ్రెస్ట్ ముక్కలు ఆరు, కోడి తొడ మాంసం కీమా 250 గ్రాములు, అంచులు తీసిన బ్రెడ్ 30 గ్రాములు, పాలు 40 మి.లీ., పుట్టగొడుగులు 150 గ్రాములు, ఉల్లిపాయలు రెండు, ఉప్పు 5 గ్రాములు, చికెన్ స్టాక్ 200 మి.లీ., వైట్ వైన్ 150 మి.లీ., క్రీమ్ 100 మి.లీ.

అపోహ: టర్కీ అంటే క్రిస్మస్ వంటే.

నిండు పక్షి పండక్కి సరే. పోపియెట్ మాత్రం ఫ్రాన్సులో మామూలు రోజుల కూర. మాంసం కొట్లో కట్టి సిద్ధంగా అమ్ముతారు, కొనుక్కెళ్ళి ఉడికించుకోవడమే. (అమెరికా నుంచి వచ్చిన ఈ పక్షిని ఫ్రెంచివాళ్ళు ఇండియాదనుకుని 'దాంద్' అన్నారు, మనం టర్కీ కోడి అంటున్నాం. ఇద్దరిదీ తప్పే.) హైదరాబాద్‌లో టర్కీ బ్రెస్ట్ దొరకని రోజున పెద్ద కోడి బ్రెస్ట్‌ను పుస్తకంలా విప్పి వాడొచ్చు.

అపోహ: ఎంత పలచగా కొడితే అంత మెత్తగా వస్తుంది.

5 మి.మీ. దగ్గర ఆపండి. అంతకంటే పలచనైతే చుట్టేటప్పుడు చిరుగుతుంది, చిరిగినచోట కీమా రసం కారిపోతుంది. ముక్కను రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి, అప్పడాల కర్రతోనో బరువైన గిన్నె అడుగుతోనో మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోతే సుమారు 15 సెం.మీ. చదరం వస్తుంది. బ్రెస్ట్‌ను ముక్కలుగా కోసేటప్పుడే పీచుకు అడ్డంగా కోయాలి. పీచు వెంబడి కోసిన ముక్కను ఎంత కొట్టినా ఉడికాక ముడుచుకుపోతుంది.

అపోహ: లోపల పంది మాంసం లేకపోతే అది పోపియెట్ కాదు.

సంప్రదాయంగా సాసేజ్ కీమానే పెడతారు, నిజమే. కానీ అందులో పని చేసేది పంది కాదు, కొవ్వు. ఆ కొవ్వే లోపల తడి నిలుపుతుంది. తోలుతో సహా కొట్టించిన కోడి తొడ కీమా ఆ పని బాగానే చేస్తుంది. తోలు వద్దనుకుంటే 40 గ్రాముల చల్లటి వెన్నను సన్న ముక్కలుగా కలపండి. బ్రెస్ట్ కీమా మాత్రం వద్దు, అటుకుల ముద్దలా పొడిబారుతుంది.

కలిపే తీరు కూడా ముఖ్యమే. కీమా ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండాలి. ముందు ఉప్పు వేసి రెండు నిమిషాలు గట్టిగా పిసకాలి. ఉప్పు తగిలాక మాంసంలోని ప్రొటీన్ బయటికొచ్చి ముద్ద జిగురుగా చేతికి అంటుకుంటుంది. అప్పుడు పాలలో నానిన బ్రెడ్ వేయాలి. ఉడికేటప్పుడు కీమా వదిలే రసాన్ని బ్రెడ్ పీల్చుకుంటుంది. చేతి వేడికి కొవ్వు కరిగితే మాత్రం ఉడికాక స్టఫింగ్ ముడుచుకుని, చుట్టుకీ దానికీ మధ్య సందు పడి, కోస్తే ఉండలా జారిపోతుంది. రుచి చూడ్డానికి ఒక చెంచాడు పెనం మీద వేయించుకోండి, పచ్చిది నాలిక మీద పెట్టకండి.

అపోహ: పుట్టగొడుగులు పచ్చివే తరిగి కలిపేయొచ్చు.

పుట్టగొడుగులో తొంభై శాతం నీరే. అదంతా లోపలే ఊరి స్టఫింగ్‌ను చిత్తడి చేస్తుంది. సన్నగా తరిగి, ఒక ఉల్లిపాయతో, కాస్త వెన్నలో నీరంతా ఇగిరిపోయి పెనం చుయ్యిమనడం మానేదాకా వేయించాలి. 150 గ్రాములు మూడో వంతుకు దిగుతాయి. పూర్తిగా చల్లారాకే కీమాలో కలపాలి.

అపోహ: బిగించి కట్టకపోతే విడిపోతుంది.

ఉడికేటప్పుడు లోపలిది ఉబ్బుతుంది, బయటిది ముడుచుకుంటుంది. బిగిస్తే దారం మాంసాన్ని కోసేస్తుంది. ఒక్కో దానిలో 60 గ్రాములు మించకుండా పెట్టి, రెండు పక్కలూ లోపలికి మడిచి చుట్టి, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి కట్టండి. రంగు లేని నూలు దారమే వాడాలి. నైలాన్ కరుగుతుంది.

అపోహ: ముందు ఎర్రగా వేయిస్తే రసం లోపలే బందీ అవుతుంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1847 నాటి రాతలతో వ్యాపించిన మాట ఇది. వేగిన మాంసం మీద నీటిని ఆపే పొర ఏదీ ఏర్పడదు. అలాగని వేయించడం మానకండి. 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ వివరించిన, వేడికి ప్రొటీన్లూ చక్కెరలూ కలిసే చర్య వల్లే ఆ రంగు, ఆ రుచి. సాస్‌కు బలం అదే. తడి తుడిచి, అతుకు ఉన్న వైపు ముందుగా పెనానికి ఆనించండి. వైపుకు రెండు మూడు నిమిషాలు చాలు.

వెన్నలో నూనె కలిపితే మాడదనే మాటా ఉంది. మాడేది వెన్నలోని పాల పదార్థం, నూనె పోసినా అది అక్కడే ఉంటుంది. మన నెయ్యిలో అది లేదు కాబట్టి నిశ్చింతగా నెయ్యి వాడండి.

అపోహ: ఎంతసేపు ఉడికితే అంత మెత్తన.

ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. నాటుకోడి, మటన్ ఉడికించిన అలవాటు చేయించే పొరపాటు ఇది. వాటిలో ఉడికే కొద్దీ కరిగే కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ ఉంది. టర్కీ రొమ్ములో అది చాలా తక్కువ. వేడి పెరిగే కొద్దీ పీచు బిగుసుకుని నీటిని పిండేస్తుంది, గంట ఉడికిస్తే తడి రంపపు పొట్టే మిగులుతుంది. కుక్కర్ జోలికి అసలు పోవద్దు.

వేగిన రోల్స్ తీసి, అదే గిన్నెలో రెండో ఉల్లిపాయ మగ్గించి, వైన్ పోసి సగానికి ఇగరనిచ్చి, స్టాక్ పోయండి. రోల్స్‌కు మూడో వంతు ఎత్తు దాకా రసం ఉంటే చాలు. మూత పెట్టి, అక్కడక్కడా ఒక బుడగ లేచేంత సెగ మీద 30 నుంచి 35 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. 25వ నిమిషం నుంచే థర్మామీటర్ గుచ్చి చూడండి. నట్టనడుమ 74 డిగ్రీల సెల్సియస్ రాగానే దించేయాలి. రంగును నమ్మొద్దు, ఉడికిన టర్కీ కూడా ఒక్కోసారి గులాబీ రంగులోనే ఉంటుంది.

అపోహ: బిర్యానీ ఆకే ఫ్రెంచివాళ్ళ బే లీఫ్.

ఉడికే రసంలో ఫ్రెంచివాళ్ళు వేసే బే లీఫ్, మన బిర్యానీ ఆకు వేర్వేరు చెట్లవి. మనదాంట్లో పొడవునా మూడు ఈనెలు, దాల్చినచెక్క వాసన. వాళ్ళదాంట్లో మధ్య ఈనె ఒక్కటే. దొరక్కపోతే వదిలేసి కాస్త థైమ్ (వాసన కోసం వేసే చిన్న ఆకులు) వేయండి.

అపోహ: వైన్‌లోని ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది.

అరగంట మరిగాక కూడా దాదాపు మూడో వంతు మిగులుతుంది. వద్దనుకునేవాళ్ళు దాని బదులు స్టాక్ పోసి, చివర్లో చెంచాడు నిమ్మరసం పిండుకోవచ్చు. క్రీమ్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచ్ క్రెమ్ ఫ్రెష్‌లో (కొద్దిగా పులిసిన చిక్కటి క్రీమ్) కొవ్వు 30 శాతం పైన, అందుకే మరిగినా విరగదు. పెరుగు విరుగుతుంది. ప్యాకెట్ క్రీమ్ అయితే రోల్స్ తీసి, రసాన్ని సగానికి ఇగిర్చి, స్టవ్ కట్టేశాక కలపండి. నిమ్మరసం క్రీమ్ తర్వాతే, అదీ వడ్డించే ముందు.

ఐదు నిమిషాలు ఆగి దారాలు కత్తిరించండి. ఆరు రోల్స్‌కి పన్నెండు దారాలు, లెక్కపెట్టి తీయండి. సాస్‌లో నానిన దారం ఉల్లిపాయ ముక్కలాగే కనిపిస్తుంది.