డెంటల్ క్లెయిమ్‌లో ఐసీడీ కోడ్‌లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కూర్చుని నైట్ షిఫ్ట్‌లో అమెరికా డెంటల్ క్లినిక్‌లకి బిల్లింగ్ చేస్తాన్నేను, మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగేవే ఇవన్నీ. క్లెయిమ్ అంటే ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లు, సీడీటీ అంటే చేసిన డెంటల్ ట్రీట్‌మెంట్ కోడ్, ఐసీడీ అంటే జబ్బు కోడ్, అంటే డయాగ్నసిస్ కోడ్.

అపోహ: డెంటల్‌కి సీడీటీ కోడ్ చాలు, ఐసీడీ మెడికల్ వాళ్ళ గోల.
వాస్తవం: చాలా ప్రైవేట్ ప్లాన్‌లు అడగవు కాబట్టి అలా అనిపిస్తది. కానీ సీడీటీ ఏం చేశారో చెప్తుందే గానీ ఎందుకు చేశారో చెప్పదు కదా. ఏడీఏ (అమెరికన్ డెంటల్ అసోసియేషన్) క్లెయిమ్ ఫారంలో 34ఏ బాక్స్‌లో నాలుగు డయాగ్నసిస్ కోడ్‌ల దాకా వేయొచ్చు, ఏ ట్రీట్‌మెంట్‌కి ఏ కోడో 29ఏలో చూపించాలి. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్ని ప్లాన్‌లు ఎక్స్‌ట్రా క్లీనింగ్ ఇస్తాయి, మనం కోడ్ వేయకపోతే వాళ్ళకి షుగర్ ఉందని ఇన్సూరెన్స్‌కి ఎవరు చెప్తారు? ఇక మెడికేర్‌కి, అంటే ముఖ్యంగా పెద్దవాళ్ళ కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి, పంపే డెంటల్ క్లెయిమ్‌లకైతే 2025 జులై 1 నుంచి ఐసీడీ కోడ్ తప్పనిసరి.

అపోహ: కొత్త కోడ్‌లన్నీ జనవరి 1న వస్తాయి.
వాస్తవం: అది సీడీటీకి. ఐసీడీ అక్టోబర్ 1న మారుతుంది, ఏప్రిల్‌లో కూడా కొన్ని రావచ్చు. చూడాల్సింది ట్రీట్‌మెంట్ జరిగిన తేదీ, క్లెయిమ్ పంపిన తేదీ కాదు. సెప్టెంబర్ 29న చేసిన ఫిల్లింగ్‌ని అక్టోబర్ 10న పంపినా పాత లిస్టే, ఇది తెలీక నేనొకసారి బ్యాచ్ మొత్తం రిజెక్ట్ చేయించుకున్నా.

అపోహ: పల్పైటిస్‌కి (పంటి లోపలి నరం వాపు) కె04.0 వేస్తే సరిపోద్ది.
వాస్తవం: ఒకప్పుడు సరిపోయేది. ఇప్పుడది రెండు ముక్కలైంది, రివర్సిబుల్ (మళ్ళీ మామూలయ్యేది) అయితే కె04.01, ఇర్రివర్సిబుల్ (ఇక మామూలవ్వనిది) అయితే కె04.02, ఉత్త కె04.0 చెల్లదు. తమాషా ఏంటంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకపోతే డ్రాప్‌డౌన్‌లో పాతది ఇంకా కనిపిస్తూనే ఉంటది, మనం నొక్కేస్తాం. క్రానిక్ పెరియోడాంటైటిస్ (ఎన్నాళ్ళుగానో ఉన్న చిగుళ్ళ జబ్బు) కూడా అంతే, లోకలైజ్డా (కొన్ని పళ్ళకేనా) జనరలైజ్డా (నోరంతానా), ఎంత తీవ్రత అని చార్ట్‌లో ఉంటేనే కె05.311 లాంటి పూర్తి కోడ్ దొరుకుద్ది. లేకపోతే డాక్టర్‌ని అడగండి, ఎక్స్‌రే చూసి మనం ఊహించి వేయకూడదు, డయాగ్నసిస్ చెప్పాల్సింది డాక్టరే. విసుక్కుంటారు, విసుక్కోనీండి.

అపోహ: కోడ్ కరెక్ట్ అయితే డబ్బులు వచ్చేసినట్టే.
వాస్తవం: యాన్యువల్ మాక్సిమం, అంటే ఇన్సూరెన్స్ ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం, అయిపోతే ఏ కోడూ కాపాడదు. డబ్బుల కోసం పేషెంట్‌కి లేని జబ్బు రాశామో, అది ఫ్రాడ్.

ఇంకోటి, అదే ఏడీఏ ఫారంలో 34వ బాక్స్‌లో ఏ ఐసీడీ వెర్షనో చెప్పాలి, ఇప్పటి ఐసీడీ-10కి ఏబీ అని ఉండాలి. ఉత్త బి ఉంటే అది పాత వెర్షన్ ఐసీడీ-9, 2015 సెప్టెంబర్‌తోనే పోయింది. మీ టెంప్లేట్ ఒకసారి తెరిచి చూస్కోండి.