పూల రంగులు: అపోహలు, వాస్తవాలు

పొందూరు ఖద్దరు తెచ్చి "దీనికి మందార రంగు వెయ్యండి" అని అడిగేవాళ్లు తరచూ వస్తుంటారు. శ్రీకాకుళంలో పూల అద్దకం పని చేస్తున్న నాకు రోజూ వినపడే అపోహలివి.

అపోహ: పువ్వు ఏ రంగో, బట్టా అదే రంగు.

కాదు. మందార ఎరుపు, శంఖుపుష్పం నీలం ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల వల్ల వచ్చేవి. వాటికి నిలకడ లేదు. శంఖుపుష్పం నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదాకు తిరుగుతాయి. బట్టకు పనికొచ్చే పూలు ఎక్కువగా పసుపు, నారింజ ఛాయలే ఇస్తాయి: బంతి, మోదుగ, పారిజాతం. పారిజాతంలోనూ తెల్ల రెక్కలు దండగ, రంగంతా ఆ నారింజ కాడలోనే. కుసుమ పువ్వులో ఎరుపు ఉంది గానీ, ముందు దాని పసుపును చన్నీళ్లలో కడిగేసి, ఎరుపును క్షారంతో తీసి, పులుపుతో బట్టకు పట్టించాలి. ఇంత చేసినా ఎండకు ఓర్చుకోదు. కలంకారీ ఎరుపు నిలుస్తుంది కదా అంటారు. అది చిరివేరు అనే మొక్క వేరుది, పువ్వుది కాదు.

అపోహ: ఉప్పో వెనిగరో వేస్తే రంగు దిగదు.

నేను ఎక్కువ వాదించేది ఇక్కడే. రంగు నిలిచేదీ పోయేదీ పూలు పొయ్యెక్కకముందే తేలిపోతుంది. పొందూరులోలా వాలుగ చేప దవడతో శుభ్రం చేసిన పత్తి నూలైనా సరే, పత్తికి పుట్టుకతో మైనం ఉంటుంది, పైన గంజి. చాకలి సోడా వేసి గంటసేపు ఉడికిస్తే నీళ్లు టీ డికాక్షన్‌లా తయారవుతాయి. బట్ట ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క పైనే నిలబడితే మళ్లీ ఉడకాలి, వేసిన వెంటనే ఇంకితే చాలు. తర్వాత కరక్కాయ పొడి నీళ్లలో, ఆపైన పటిక నీళ్లలో నానబెట్టాలి. పట్టుకు పటిక నేరుగా పడుతుంది, నూలుకు అంతగా పట్టదు. కరక్కాయ వగరే పటికను పట్టి ఉంచుతుంది, పటిక రంగును పట్టి ఉంచుతుంది. కిలో బట్టకు 200 గ్రాముల కరక్కాయ పొడి, 150 గ్రాముల పటిక నా లెక్క. అప్పుడు బంతిపూలు: పచ్చివైతే బట్ట బరువుకు రెట్టింపు, మరగనివ్వకుండా సన్నసెగ మీద గంటసేపు.

అపోహ: సహజ రంగంటే కెమికల్ లేనట్టే.

పటిక కూడా అల్యూమినియం లవణమే. అన్నభేది ఇనుము లవణం. చిటికెడు పడితే బంతి పసుపు ఆలివ్ పచ్చగా మారుతుంది, ఎక్కువైతే నూలు పెళుసవుతుంది. (ఇనుము ఉన్న బోరు నీళ్లూ పసుపును మసకబారుస్తాయి, తిట్లు మాత్రం పూలకి!) రాగి లవణమైన మైలుతుత్తాన్ని నేను గడప తొక్కనివ్వను. ఆ నీళ్లు చెరువులో కలిస్తే చేపలకు విషం. ఏదైనా సరే, రంగు గిన్నె వంటకు వాడకండి.

అపోహ: వాడిన పూలు పనికిరావు.

భేషుగ్గా పనికొస్తాయి. అరసవల్లి రథసప్తమి అయ్యాక దండల్లోని బంతి రెక్కలు తుంచి ఎండబెట్టుకోవచ్చు. బూజు పట్టినవి మాత్రం వద్దు.

పాలిస్టర్ చీరకు వేస్తారా అంటే, వెయ్యను. పట్టదు.

ఉతకడానికి కుంకుడు రసం చాలు. డిటర్జెంట్ క్షారానికి ఛాయ మారుతుంది. ఆరేసేది నీడలోనే. కొనేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. కాస్త అంటితే అది ఒకటి రెండు ఉతుకుల్లో పోయే మిగులు రంగు. గుడ్డ నిండా అంటితే ఆ బట్టకు పటిక సరిగా పట్టలేదన్నమాట.