బెల్టు షాపుల గొడవ వెనుక దూబగుంట రాత్రి బడి

ఆంధ్రప్రదేశ్‌లో బెల్టు షాపుల, అంటే లైసెన్సు లేకుండా ఊళ్లలో మద్యం అమ్మే కొట్ల రచ్చ మళ్లీ మొదలైంది. 2024 అక్టోబర్‌లో 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు అప్పగించారు. ఇప్పుడు బడ్డీకొట్టులోనూ సీసా దొరుకుతోందని ఊళ్లలో ఆడవాళ్లు మొత్తుకుంటున్నారు. కేసులు పెడుతున్నామని ప్రభుత్వం అంటోంది. నిషేధం ఎవరు పెట్టారు, ఎవరు ఎత్తేశారు అన్న వాదన టీవీల్లో సరిపడా నడుస్తోంది కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టను. ఈ తగవు మూలం 1991లో, నెల్లూరు జిల్లా రాత్రి బడుల్లో ఉంది.

ఆ ఏడాది జిల్లాలో అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కూలికి పోయొచ్చి, వంట ముగించుకుని ఆడవాళ్లు పలక పట్టుకుని కూర్చునేవారు. చదువు చెప్పేది జీతం లేని వాలంటీర్లు, చాలామంది ఆ ఊరి పిల్లలే. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందో చెప్పే పాఠం అది. అక్షరాలు కూడబలుక్కుని చదవడం అయ్యాక అసలు పని మొదలయ్యేది. మన ఊళ్లో సీతమ్మలు ఎంతమంది? రోజు కూలిలో సారా ప్యాకెట్లకు పోయేదెంత? తాగడానికి నీళ్లు లేని ఊరికి సారా మాత్రం వేళ తప్పకుండా ఎలా వస్తోంది?

అప్పటిదాకా మొగుడు కొట్టడం ఎవరింటి గుట్టు వాళ్లది. పదిమందిలో కూర్చుని పైకి చెప్పుకునేసరికి అది ఊరి సమస్య అయింది. నా దృష్టిలో మలుపు ఇదే. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించింది ఆ మాటల తర్వాతే. వాళ్లు చేసిన పనే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన పక్క ఊళ్లు మేమూ చేయగలం అనుకున్నాయి. 1992లో సారా అమ్మే హక్కులకు వేలంపాటలు జరిగేచోటికే ఆడవాళ్లు వెళ్లి అడ్డం కూర్చున్నారు. వేలాలు పదేపదే వాయిదా పడ్డాయి.

ప్రభుత్వానికి ఎంత ఇబ్బందో అంకెలు చూస్తే తెలుస్తుంది. 1970–71లో రూ.39 కోట్లున్న ఎక్సైజ్ ఆదాయం 1991–92కి రూ.812 కోట్లయింది. ప్యాకెట్ సారాను ఊరూరికీ చేర్చిన వారుణి వాహిని పథకం సర్కారుదే. అయినా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను ఆపక తప్పలేదు. అదే ఊపులో నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. రాత్రి బడి మూతపడినా కూడి మాట్లాడుకునే అలవాటును అవి నిలబెట్టాయి.

దూబగుంట అడిగింది మా ఊళ్లో సారా వద్దని. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసి పెట్టిన మద్యనిషేధం సంతకం దాన్ని హైదరాబాద్ నిర్ణయంగా మార్చింది. 1995 జనవరిలో అమల్లోకి వచ్చిన నిషేధాన్ని 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. దొంగ సరుకు పెరిగిందని, ఖజానా ఖాళీ అయిందని చెప్పింది. ఆ కారణాలు ఉత్తవేం కావు. కానీ ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలన్న ఆలోచన పెట్టినప్పుడూ లేదు, ఎత్తేసినప్పుడూ లేదు. 2019లో దుకాణాలు సర్కారు చేతికి వచ్చినప్పుడూ అంతే, 2024లో ప్రైవేటుకు పోయినప్పుడూ అంతే.

ఊరి మాటకు చట్టంలో చోటివ్వడం కుదరని పనేం కాదు. మత్తు పదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం 1996 నాటి పెసా చట్టం కింద ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతాల గ్రామసభలకు ఉంది. మహారాష్ట్రలో ఓటింగ్ పెట్టి మెజారిటీ వస్తే దుకాణం మూయించే నిబంధన ఉంది. కలిగిరి లాంటి మైదాన మండలాల ఆడవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఎక్సైజ్ ఆఫీసులో అర్జీ పెట్టుకోవడమో, రోడ్డెక్కడమో తప్ప మరో దారి లేదు.