లా ఇంటర్న్‌షిప్, మొదటి ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

మా ఛాంబర్‌లో ఇంటర్న్‌లకి ఉన్నవి రెండే కుర్చీలు. వాటి కోసం నెలకి నలభై యాభై మెయిళ్లు వస్తాయి. సగానికి పైగా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొన్న ఒక అబ్బాయి అరవై ఆఫీసుల అడ్రస్‌లు అందరికీ కనబడేలా పెట్టి ఒకే మెయిల్ కొట్టాడు. లోపలున్న కవర్ లెటర్‌లో ఏదో ముంబై ఫర్మ్ పేరుంది, నా పేరు లేదు. మంచి కాలేజీ, మంచి మార్కులు. అయినా నేను రెండో లైను దాటలేదు. హైదరాబాద్‌లో సివిల్ కేసులు, చెక్ బౌన్స్‌లు, ఆస్తి పత్రాల పరిశీలన నా పని. పిల్లలు ఫోన్ చేసి అడిగేవి, వాళ్ల అమ్మానాన్నలు పెళ్లిళ్లలో పట్టుకుని అడిగేవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పెద్ద కాలేజీ పేరు లేకపోతే ఎవరూ రానివ్వరు.

ఇందులో కొంత నిజం ఉంది. ముంబై, ఢిల్లీ కార్పొరేట్ ఫర్మ్‌లు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లకే వెళ్లి పిల్లల్ని ఎంచుకుంటాయి. షామీర్‌పేట నల్సార్‌లో చదివేవాళ్ల దగ్గరికి ఫర్మ్‌లే వస్తాయి. లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష) రాసి జిల్లా కాలేజీలో చేరినవాళ్లు తామే వెళ్లి తలుపు తట్టాలి. ఆ తేడా లేదని నేను చెప్పను.

అయితే వకీలు వృత్తి అంటే ఆ పది పదిహేను ఫర్మ్‌లే కాదు కదా. కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా కేసులు చూసే ఆఫీసులు, బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ రాసేవాళ్లు, రియల్ ఎస్టేట్ తగాదాలు చూసే రెరా ముందు వాదించేవాళ్లు, హైకోర్టులో సర్వీస్ మ్యాటర్లు (ప్రభుత్వ ఉద్యోగుల కేసులు) చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. వీళ్లలో చాలామందికి నమ్మకంగా పనిచేసే జూనియర్లు దొరకడమే కష్టంగా ఉంది. ఒక ఆఫీసుకి రెండోసారి, మూడోసారి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పిల్లలకే ఉద్యోగం ఇవ్వడం నేను ఎక్కువగా చూశాను. ఏడాదికో కొత్త ఆఫీసు పేరు సీవీలో చేర్చుకునేవాళ్లకి ఇది నచ్చదు.

అపోహ: సీవీ నిండుగా ఉండాలి.

రెండేళ్ల కిందట మిర్యాలగూడ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెండో ఏడాది. మూట్ కోర్టులు (విద్యార్థుల నమూనా వాదనల పోటీలు) లేవు, వ్యాసాలు లేవు, సీవీ ముక్కాలు పేజీ. మొదటి రోజు ఎవరు వచ్చినా నేను ఒక చెక్ బౌన్స్ ఫైలు ఇచ్చి తేదీల పట్టిక రాయమంటాను. చెక్ బౌన్స్‌కి వర్తించే సెక్షన్ 138 కేసంతా తేదీల మీదే నడుస్తుంది. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన తర్వాత డబ్బు కట్టడానికి అవతలివాళ్లకి 15 రోజులు ఇవ్వాలి. ఆ గడువు ముగిశాక నెలలోపు కంప్లయింట్ వేయాలి.

నోటీసు 10వ తేదీన అందిందనుకుని 26న ఫైల్ చేయడానికి మేం అన్నీ సిద్ధం చేసుకున్నాం. ఈ అబ్బాయి పోస్టల్ ట్రాకింగ్ కాగితం, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పక్కపక్కన పెట్టుకుని చూశాడు. 10న పోస్ట్‌మన్ వెళ్తే ఇంటికి తాళం ఉంది. సంతకం పడింది 12న. అంటే 15 రోజుల గడువు 27 దాకా ఉంది, 26న వేస్తే తొందరపడినట్టే. గడువు తీరకముందు వేసిన కంప్లయింట్ అసలు కంప్లయింటే కాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పేసింది. "మేడమ్, ఇది నేను తప్పు చూస్తున్నానేమో" అంటూ భయం భయంగా వచ్చాడు. తప్పు మాది. ఆ అబ్బాయి ఇప్పుడు మా దగ్గరే జూనియర్.

సీవీ ఒక్క పేజీ చాలు. వెబినార్ సర్టిఫికెట్లు పదిహేను వరసగా రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వాటికి బదులు మీరే రాసిన రెండు పేజీల నోట్ ఏదైనా జతచేయండి, నేను అది చదువుతాను.

అపోహ: ఇంగ్లిష్ దంచేస్తేనే లా.

డ్రాఫ్టింగ్ ఇంగ్లిష్‌లోనే కాబట్టి తప్పుల్లేకుండా రాయడం రావాలి, అందులో అనుమానం లేదు. దంచక్కర్లేదు. కానీ మా ముందుకొచ్చే కాగితాలు ఏ భాషలో ఉంటాయి? ఎఫ్‌ఐఆర్ తెలుగులో, సాక్షి చెప్పేది తెలుగులో, పాత దస్తావేజు గొలుసుకట్టు తెలుగులో. తెలంగాణ రెవెన్యూ రికార్డులైతే సేత్వార్, ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డుల పేర్లు) అంటూ మధ్యలో ఉర్దూ మాటలు.

విజయవాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి, చాలా చురుకైనది, ఒక పాత అమ్మకం దస్తావేజు చూసి చక్కటి ఇంగ్లిష్‌లో సారాంశం రాసింది. దస్తావేజులో ఉన్నది రెండు ఎకరాల పది గుంటలు. ఆ అమ్మాయి 2.10 ఎకరాలని రాసింది. ఆంధ్ర వైపు ఎకరానికి వంద సెంట్ల లెక్క కాబట్టి తనకి అలాగే తోచింది. గుంటల్లో ఎకరానికి 40 కాబట్టి పది గుంటలంటే పావు ఎకరం, అంటే 25 సెంట్లు. ఒక్క చుక్కతో 15 సెంట్లు, 726 గజాలు ఎగిరిపోయాయి. హైదరాబాద్ చుట్టుపక్కల 726 గజాలంటే ఎంతో మీకు తెలుసు! అందుకే సీవీలో భాషల దగ్గర "తెలుగు" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. చేతిరాత పత్రాలు చదవగలిగితే ఆ సంగతి రాయండి.

అపోహ: వేసవి సెలవులే ఇంటర్న్‌షిప్‌కి మంచి సమయం.

కార్పొరేట్ ఫర్మ్‌లకైతే సరే. మే, జూన్, డిసెంబర్ నెలలకి అక్కడ చాలా ముందే నిండిపోతాయి కాబట్టి నాలుగైదు నెలల ముందే అడగాలి. కోర్టు పని చూడాలనుకునేవాళ్లు మాత్రం మేలో వచ్చి ఏం చూస్తారు? హైకోర్టుకీ, సివిల్ కోర్టులకీ అప్పుడు సెలవులు. ఏటా ఇద్దరు ముగ్గురు కొత్త నల్లకోటు కుట్టించుకుని వచ్చి ఖాళీ కారిడార్లు చూసి వెళ్తారు. జూలై, ఆగస్టు, నవంబర్‌లలో రండి. కాజ్‌లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) కిక్కిరిసి ఉంటుంది, వాయిదాలు ఎందుకు పడతాయో కూడా కళ్లారా చూడొచ్చు.

అపోహ: కార్పొరేట్‌లోకి వెళ్లేవాళ్లకి కోర్టుతో పనిలేదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకి మొత్తం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకి 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదైనా ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. కార్పొరేట్‌లోకి వెళ్లేవాళ్లైనా చదువు పూర్తయ్యేలోపు ఒక్కసారైనా ట్రయల్, అప్పీల్ కోర్టుల లాయర్ల దగ్గర చేసి తీరాలి. ఇంకో మాట: ఇంటర్న్‌లు లాయర్లు మెడకి కట్టుకునే తెల్ల బ్యాండ్ కట్టుకోకూడదు, జడ్జి గారి ముందు నిలబడి వాయిదా కూడా అడగకూడదు. సీనియర్ ఆలస్యమైతే బయటికొచ్చి ఫోన్ చేయడం వరకే మీ పని.

అపోహ: డబ్బు కడితే మంచి ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది.

డబ్బు కట్టి తెచ్చుకునేది ఇంటర్న్‌షిప్ కాదు, సర్టిఫికెట్.

అపోహ: రీసెర్చ్ అంటే ఏఐని అడిగి రాసేయడమే.

వాడొద్దని నేను అనను, నేనూ వాడతాను. కానీ గత ఏడాది ఒకరు ఇచ్చిన నోట్‌లో ఆరు తీర్పులుంటే అందులో రెండు అసలు లేనే లేవు. ఒకదానికి తీర్పులు అచ్చువేసే ఏఐఆర్ సంపుటాల పేజీ నంబరు కూడా ఉంది. తీసి చూస్తే ఆ పేజీలో మోటారు ప్రమాద పరిహారం కేసు. మాది స్థలం తగాదా. తీర్పులు దొరికే వెబ్‌సైట్లు ఇండియన్ కానూన్, సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ రెండూ ఉచితమే. తీర్పు తెరిచి, మీకు కావాల్సిన పేరా నంబరు రాసుకుని, ఆ తర్వాతే నోట్‌లో పెట్టండి. ఒక్కటి లేనిది దొరికితే మిగతా ఐదూ నేనే మళ్లీ వెతుక్కోవాలి. అప్పుడిక ఇంటర్న్ ఎందుకు?

అపోహ: మొదట్లో డబ్బు గురించి అడగకూడదు, సీనియర్‌కి కోపం వస్తుంది.

దీని గురించి నాకు కాస్త కడుపుమంట ఉంది. నా మొదటి రెండేళ్లు బస్ పాస్ డబ్బులకి కూడా ఇంట్లో చెయ్యి చాచాల్సి వచ్చింది. "నేర్చుకోవడానికి వచ్చావు కదా" అనేవారు సీనియర్లు. పట్టణాల్లో జూనియర్లకి నెలకి కనీసం ₹20,000, గ్రామీణ ప్రాంతాల్లో ₹15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. అంత ఇవ్వని ఆఫీసులు బోలెడు. అయినా చేరేముందు ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, సొంత కేసులు చేసుకోనిస్తారా అని మర్యాదగా అడగండి. అడిగినందుకే ముఖం మాడ్చుకునే చోట చేరకపోయినా నష్టం లేదు.

లాయర్‌గా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాటా చెప్పాలి. జనరల్ అభ్యర్థులకి ₹750, ఎస్సీ, ఎస్టీలకి ₹125, చట్టంలో ఉన్నది అంతే. అంతకు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది.

అపోహ: పట్టా రాగానే జడ్జి పరీక్ష రాసేయొచ్చు.

సుప్రీంకోర్టు 2025 మే 20 తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకి లాయర్‌గా మూడేళ్ల ప్రాక్టీస్ నిబంధన మళ్లీ వచ్చింది. కాబట్టి జడ్జి కావాలనుకునేవాళ్లకీ మొదట చేరే ఛాంబర్ ముఖ్యమే. ఏఐబీఈ (పట్టా తర్వాత రాసే బార్ పరీక్ష) గురించి మరీ టెన్షన్ పడకండి, నోట్స్ లేని బేర్ యాక్ట్‌లు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఏ సెక్షన్ ఎక్కడుందో తెలిసుంటే గట్టెక్కుతారు.

అపోహ: మెయిల్‌కి జవాబు రాలేదంటే వద్దన్నట్టే.

చాలాసార్లు మేం చూడనే లేదన్నట్టు. వారం ఆగి, అదే మెయిల్ కిందే రెండు లైన్లు రాయండి, ఒక్కసారి చాలు. ఫోన్ చేస్తే సాయంత్రం 5 దాటాక చేయండి. ఉదయం పదిన్నరకి చేసేవాళ్లకి కోర్టు వేళలు తెలియవని ఫోన్ ఎత్తకుండానే అర్థమవుతుంది. సబ్జెక్ట్ లైన్‌లో "ఇంటర్న్‌షిప్ అప్లికేషన్" అని మాత్రమే కాకుండా ఏ నెల, ఎన్ని వారాలు, ఏ ఏడాది చదువుతున్నారో పెట్టండి. మా ఆఫీసులో మెయిళ్లు ముందు చూసేది గుమాస్తా గారు. తేదీలు కనబడినవి ప్రింట్ తీసి నా బల్ల మీద పెడతారు, మిగతావి అక్కడే ఉండిపోతాయి.