ఓడలో ఊరే మంచినీళ్ళు

విహార ఓడలు నడిపే కార్డేలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి తిరగడం మొదలుపెట్టింది. మా పిన్నీ బాబాయీ ఆ ఏడే దాన్నెక్కి రెండు రాత్రులు సముద్రం మీద గడిపి వచ్చారు. చెన్నై తిరువాన్మియూరులో మా ఇంటికొచ్చి ఫోన్లో ఫొటోలు చూపిస్తూ, ఈతకొలను దగ్గర పిన్ని వేలు ఆగిపోయింది. "చుట్టూ ఉప్పునీళ్ళేగా. స్నానాలకీ వంటలకీ దీనికీ ఇన్ని మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెస్తార్రా?" అంది.

ఆ ప్రశ్న పిన్నికి ఊరికే రాలేదు. 2019 ఎండాకాలం తను మాతోనే ఉంది. చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు జలాశయాలూ ఎండిపోయాయి. మెట్రో వాటర్ లారీ కోసం వీధిలో ప్లాస్టిక్ బిందెలు వరసకట్టేవి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పిన్ని పారబోయనిచ్చేది కాదు.

రేవులో కొంత నీళ్ళు నింపుకున్నా, పెద్ద ఓడలు చాలావరకు తమ నీళ్ళు తామే తయారుచేసుకుంటాయి. అందులో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది పారేసే వేడితో నడుస్తుంది. ఎంత మంచి డీజిల్ ఇంజనైనా ఇంధనంలోని శక్తిలో సగానికి మించి పనికి మళ్ళించడం కష్టం. మిగతాది పొగతోనూ, ఇంజన్ను చల్లబరిచే నీళ్ళతోనూ బయటికి పోతుంది. ఆ నీళ్ళు 80, 90 డిగ్రీల వేడి మీద ఉంటాయి. సముద్రపు నీళ్ళు మరిగించడానికి అది చాలదే అనిపిస్తుంది. ఇక్కడే ప్రెషర్ కుక్కర్‌ను తిరగేసి ఆలోచించాలి. కుక్కర్లో ఒత్తిడి పెరిగి నీళ్ళు 100 డిగ్రీలు దాటాక గానీ మరగవు. ఓడలోని ఆవిరి గదిలో గాలిని లాగేసి ఒత్తిడి తగ్గిస్తారు. బయటి ఒత్తిడిలో పదో వంతుకు దించితే, నీళ్ళు 46 డిగ్రీలకే తెర్లుతాయి. ఉప్పు అడుగున ఉండిపోతుంది, ఆవిరి చల్లబడి మంచినీళ్ళవుతుంది.

చిక్కంతా వేడి ఖర్చులో ఉంది. స్టవ్ మీద నీళ్ళు మరగడానికి ఎంతసేపు పట్టిందో, అవి పూర్తిగా ఇగిరిపోవడానికి ఇంకా ఏడు రెట్లు పడుతుంది. అందుకే ఒక గదిలో ఆవిరి నీళ్ళుగా మారేటప్పుడు విడిచిన వేడిని వృథా పోనివ్వకుండా, లోపలికొచ్చే సముద్రపు నీళ్ళను ముందుగా కాచడానికో, పక్క గదిలో నీళ్ళు మరిగించడానికో వాడతారు.

రెండో పద్ధతి ఆర్.ఓ., అంటే రివర్స్ ఆస్మాసిస్. ఇది పిన్నికి చెప్పడం తేలికైంది, మాగాయ పెట్టే మనిషి కదా. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు దానంతటదే వెళ్ళిపోతుంది. ఆర్.ఓ. అంటే ఉప్పును ఆపి నీళ్ళను మాత్రం వదిలే పలచని పొర గుండా, ఆ ఊటను బలవంతాన వెనక్కి నడిపించడం. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటిని వెనక్కి నెట్టాలంటే, గాలి ఒత్తిడికి 27 రెట్లు దాటించాలి. పని చురుగ్గా సాగడానికి 55, 60 రెట్లు పెడతారు. ఇలా వచ్చిన నీళ్ళలో ఖనిజాలు మరీ తక్కువ, గొట్టాలను కూడా తినేస్తాయి. కాబట్టి సున్నపురాయి పొరలోంచి పంపి, క్లోరిన్ కలిపి, అప్పుడు కుళాయిలకు వదులుతారు.

ఇక పిన్ని వేలు ఆగిన ఆ కొలను. కొన్ని ఓడల్లో దాన్ని సముద్రపు నీళ్ళతోనే నింపేస్తారు. ఏ నీళ్ళైనా బరువు బరువే. 15 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతున్న కొలనులో 150 టన్నులకు పైగా నీళ్ళుంటాయి, అదీ ఓడ నడినెత్తిన. 2024లో బయల్దేరిన 365 మీటర్ల ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో ఇలాంటి కొలనులు ఏడున్నాయి.

మా అమ్మమ్మ చెరువు నుంచి బిందె తెచ్చేటప్పుడు నీళ్ళ మీద ఒక వేపరెమ్మ వేసేది. నడక లయా, బిందెలో నీళ్ళు ఊగే లయా ఒకటైతే చీరంతా తడుస్తుంది. రెమ్మ ఆ ఊపును విరిచేస్తుంది. నేను చెప్పిన కొలనులో నీళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి తిరిగి రావడానికి దాదాపు 8 సెకన్లు. సముద్రంలో అలలు అదే లయలో రావడం మామూలే. ఆ లయకు ఓడ ముందుకీ వెనక్కీ ఊగిందా, కొలను తన్నుకొచ్చేస్తుంది. అందుకే సముద్రం పోటెత్తితే కొలనులకు వల కప్పి, అవసరమైతే ఖాళీ చేసేస్తారు. పక్కలకు ఊగకుండా ఓడ అడుగున రెక్కలుంటాయి, చేప రెక్కల్లా బయటికి చాపి కోణం మారుస్తుంటారు.

వాడిన నీళ్ళ సంగతీ పిన్ని అడక్కుండా వదల్లేదు. మరుగుదొడ్లో గాలి లాగే పద్ధతి కాబట్టి మీట నొక్కిన ప్రతిసారీ లీటరు చాలు. మురుగును బాక్టీరియాతో తినిపించి, వడగట్టి శుద్ధి చేసే యంత్రాలు కొత్త ఓడల్లో ఉన్నాయి. అయితే ఓడల కాలుష్యం మీద దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం ప్రకారం, కదులుతున్న ఓడ తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్లు దాటాక, శుద్ధి చేయని మురుగును కూడా కొద్దికొద్దిగా వదలొచ్చు. యంత్రాలు ఇంత బాగుపడ్డాక కూడా ఆ వెసులుబాటు ఉండడం నాకు మింగుడుపడదు.

రేవు దగ్గర పడుతుంటే ఓడలో నీళ్ళ తయారీ ఆపేస్తారు. నూనె, మురుగు కలిసిన తీరం నీళ్ళు లోపలికి రాకూడదని. మన రేవుకు పక్కనే, నేపియర్ వంతెన దాటాక, మురుగు మోసే కూవం నది సముద్రంలో కలుస్తుంది. ఆ వాసన తెలిసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

పిన్ని లేచి వంటింట్లోకెళ్ళి చెంబుతో నీళ్ళు పట్టుకుంది. "ఇవి లారీ నీళ్ళా?" అంది. కాదు, కుళాయివి. ఈ వైపు ఇళ్ళకు నెమ్మేలి ప్లాంటు నుంచి నీళ్ళొస్తాయి, రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 2013లో మొదలైంది. అక్కడా సముద్రపు నీళ్ళే, ఆ ఆర్.ఓ. పొరే. పిన్ని చెంబులోకి ఒకసారి చూసి, తాగి, మిగిలింది తులసి కోటలో పోసింది.