పాజిటివ్ వస్తే పెద్దాసుపత్రికేనా?

2020 ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ కొవిడ్ కేసులు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. అప్పట్లో కర్నూలు పాతబస్తీ సందుల్లో చాలామందికి జబ్బు కన్నా అంబులెన్సును చూస్తేనే టెన్షన్. పాజిటివ్ వస్తే లక్షణాలున్నా లేకపోయినా ఆసుపత్రికే, ఇంట్లో మిగిలినవాళ్లు క్వారంటైన్‌కే. ఏప్రిల్ 27న కేంద్ర ఆరోగ్యశాఖ మాట మార్చింది. లక్షణాలు మరీ తక్కువగా ఉండి, ఇంట్లో వసతి ఉంటే ఇంటిపట్టునే ఉండొచ్చంది. మంచాలు చాలక అలా అన్నారని జనం గొణుక్కున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇల్లా ఆసుపత్రా అన్న ప్రశ్నకు అంతకన్నా పాత కథ ఒకటుంది.

1911 దాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరంలో, 1915 నుంచి క్షయ (టీబీ) శానిటోరియం, అంటే రోగులను ఇంటికి దూరంగా ఉంచే ఆసుపత్రి, నడిచింది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. క్షయ రోగిని ఇంటి నుంచి తప్పించకపోతే పిల్లాజెల్లా అందరికీ అంటుతుందని అప్పటి నమ్మకం. ఐసోనియాజిడ్ లాంటి క్షయ మందులు వచ్చాక ఈ నమ్మకాన్ని 1956లో మద్రాసులో పరీక్షకు పెట్టారు. రెండు వందలకు దగ్గరగా రోగులను తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం మందిని శానిటోరియంలో చేర్చారు, సగం మందికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పేదలు, ఇరుకు ఇళ్లవాళ్లు, కడుపునిండా తిండి లేనివాళ్లు. అయినా ఏడాది తిరిగేసరికి రెండువైపులా ఫలితం దాదాపు ఒకటే. అంతకన్నా ఆశ్చర్యం, ఐదేళ్లు గమనించినా ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాల్లో క్షయ ఎక్కువేమీ కాలేదు.

కారణం సులువే. క్షయ బయటపడేలోపే రోగి నెలల తరబడి ఇంట్లో దగ్గుతూ ఉంటాడు. అంటాల్సింది చాలావరకు అప్పటికే అంటుకుని ఉంటుంది. మందులు మొదలయ్యాక కొన్ని వారాల్లోనే అంటించే శక్తి బాగా పడిపోతుంది. రోగిని ఊరు దాటించినంత మాత్రాన జరిగిపోయింది వెనక్కి రాదు. ప్రపంచమంతా శానిటోరియంలు మూతపడడానికి ఈ మద్రాసు ప్రయోగం ఒక ముఖ్య కారణం.

అంటే ముందు చూడాల్సింది రోగి ఏ రోజుల్లో అంటిస్తాడన్నది. కొవిడ్ లాంటిదే మరో వైరస్ జబ్బు, 2003 నాటి సార్స్‌లో జ్వరం వచ్చిన రెండో వారంలో వైరస్ జోరు ఎక్కువ. రోగిని ముందే పట్టుకుని ఆసుపత్రిలో వేరుగా పెట్టగలిగారు కాబట్టి ఆ జబ్బు అదుపులోకి వచ్చింది. కొవిడ్ అలా కాదు. లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది, లక్షణాలు మొదలయ్యే వేళకు జోరు మీద ఉంటుంది. తేలికగా వచ్చినవాళ్లలో పదో రోజు తర్వాత బతికున్న వైరస్ దొరకడం అరుదు. రిపోర్టు మూడు రోజులు ఆలస్యమైతే, అంబులెన్సు వచ్చేసరికి అంటించే రోజులు సగం గడిచిపోయినట్టే. మన ఊళ్లలో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టడం తెలిసిందే. ఆకు వల్ల క్రిమి చస్తుందో లేదో గానీ, పొరుగువాళ్లు గడప తొక్కకుండా అది ఆపేది. పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందే ఆటలమ్మ అంటుతుంది కాబట్టి ఇంట్లో పిల్లలను మాత్రం కాపాడలేకపోయేది.

క్వారంటైన్ కేంద్రాలకూ ఒక ప్రమాదం ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు రోగులు కారు, రోగితో మెలిగినవాళ్లు. వాళ్లలో ఎవరికి అంటిందో ఎవరికీ తెలియదు. ఒకే హాలు, ఒకే మరుగుదొడ్డి ఇస్తే ఏమీ లేకుండా వచ్చినవాడికి అక్కడే అంటొచ్చు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను ఆపేస్తే, 3,711 మందిలో 712 మందికి కొవిడ్ తేలింది. వాళ్లలో కొందరికి ఓడను ఆపాకే అంటింది.

అలాగని ఇల్లే క్షేమం అనలేం. వేరే గది, వేరే బాత్రూం, గాలి ఆడే కిటికీ ఉన్న ఇంటి మాట వేరు. పాతబస్తీలో ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంటి మాట వేరు. అక్కడ ముసలి అవ్వ, షుగరున్న నాయన ఉంటే ‘హోం ఐసొలేషన్’ అనేది కాగితం మీది మాట. పాత మట్టి మిద్దెల్లో పైకప్పుకు గవాచి ఉండేది, దాంట్లోంచి కాస్త గాలి పోయేది. ఇప్పటి స్లాబు గదుల్లో కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. ఇలాంటివాళ్ల కోసమే హాస్టళ్లలో, కాలేజీల్లో కొవిడ్ కేర్ సెంటర్లు పెట్టారు. వూహాన్‌లో 2020 ఫిబ్రవరిలో స్టేడియాలను, ఎగ్జిబిషన్ హాళ్లను ఇందుకే వాడుకున్నారు. అక్కడున్నది అందరూ పాజిటివ్‌లే కాబట్టి ఒకరి నుంచి ఒకరికి కొత్తగా అంటుతుందన్న భయం లేదు. ఇంట్లో అవ్వకూ ముప్పు తప్పుతుంది.

ఇంట్లో ఉన్నవాళ్లకు అసలు గండం ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య. ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు. అందుకే వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌కు అంత గిరాకీ వచ్చింది. అందులో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే ఇక ఇల్లా ఆసుపత్రా అన్న వాదన లేదు, వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరాల్సిందే. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేలికి పెడితే అంకె తప్పు రావచ్చు. చెయ్యి చల్లగా ఉన్నా అంతే. ఇంకో వేలికి పెట్టి, ఒక నిమిషం ఆగి చూడాలి.